హిరోషిమా శాంతివనంలో ఒక పగలు

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వారే రాసి ఇచ్చారు.)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "నా జపాను యాత్ర". యాత్ర అనగానే బుల్లెట్ రైలు గురించీ, ఫుజి కొండ గురించీ చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వాటి సంగతులు టీ తాగేటప్పుడు చెప్పుకుందాం. మైకు పట్టుకొని చెప్పదగింది నాకు ఒక్క రోజే కనపడింది. 2024 జూలైలో మేము హిరోషిమా శాంతి స్మారక ఉద్యానవనం చూసిన రోజు. అణుశక్తి విభాగంలో జీతం తీసుకొని, ఆ విభాగం ఇచ్చే పింఛనుతో అన్నం తింటున్న మనబోటివాళ్లు ఆ ఊరికి వెళ్లడం మామూలు యాత్ర కాదు. ఆ మాట వెళ్లేముందు నాకు తోచలేదు. అక్కడికి పోయాక ఒక చిన్నపిల్ల తోపించింది.

మా అల్లుడు ఒసాకాలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. అమ్మాయి ఎంతోకాలంగా రమ్మంటుంటే నేనూ, మా ఇంటావిడా ఆరు వారాలకని వెళ్లాం. ఒసాకా నుంచి హిరోషిమాకు రైల్లో గంటన్నర. మా మనవరాలికి పదేళ్లు. ఆ ప్రాంతపు బడులవాళ్లు పిల్లలను విహారయాత్రకని హిరోషిమాకే తీసుకుపోతారు. తను ఇంకా ఆ తరగతికి రాలేదు గాని, అన్నీ తెలిసినదానిలాగా మాకు దారి చూపించింది.

పార్కులోకి పోయేముందు మన గోదావరి ఒడ్డు సంగతి ఒకటి చెప్పాలి. జపాను యుద్ధం మనకు ఏమీ కాదని అనుకుంటాం. కాని కుర్రవాళ్లకు తెలియనిది ఒకటుంది. ఆ రోజుల్లో గోదావరికి ఈవల అశ్వాపురం, బూర్గంపాడు నైజాం రాజ్యం. ఆవల భద్రాచలం ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాష్ట్రం, తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా భద్రాచలంవాళ్లు కలెక్టరును చూడాలంటే కాకినాడ పోవలసిందే. ఆ కాకినాడ మీద, విశాఖపట్నం మీద 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. అంటే మన భద్రాచలం జిల్లా కేంద్రం మీద జపానువాళ్లు బాంబులు వేశారన్న మాట! లాంచీల మీద ఎగువకు వచ్చిన జనం నోట ఆ కబురు విన్నానని మా నాన్నగారు చెప్పేవారు. తీరంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు పోయింది. ఆ మార్చిలోనే రంగూను జపానువాళ్ల చేతిలో పడటంతో బర్మా బియ్యం ఆగింది. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్లు కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు.

ఇంకో మాట. మలయా రబ్బరు తోటల్లో ఉన్న తమిళులను, తెలుగువాళ్లను జపాను సైన్యం సయాం, బర్మాల మధ్య రైలుమార్గం వేయడానికి పట్టుకుపోయింది. 415 కిలోమీటర్ల దారి 1943 అక్టోబరుకు పూర్తయింది. అక్కడ చనిపోయిన తెల్ల సైనికులకు కాంచనబురిలో పేరుపేరునా సమాధి రాళ్లున్నాయి. కూలీలకు లేవు. వాళ్ల లెక్కే ఎవరూ సరిగా రాయలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హిరోషిమాకు పోయే మనిషి జపాను చేసినదాన్ని ఇంటిదగ్గర మరిచి పోకూడదు. జపానుకు జరిగినదాన్ని అక్కడ చూసి, చేసినదానితో చెల్లు వేయనూ కూడదు. ఈ రెండూ ఒక మనిషి బుర్రలో పట్టడం కష్టమే. నాకైతే ఆ రోజంతా పట్టీ పట్టనట్టే ఉంది.

ఇక పార్కు. ఓటా అనే నది సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలుతుంది. మన కోనసీమ లంకల లాంటి నేల మీద కట్టిన ఊరు హిరోషిమా. రెండు పాయలు విడిపోయే మొనమీద ఈ పార్కు ఉంది. దాదాపు 12 హెక్టార్లు. పచ్చికబయలు, చెట్లు, బెంచీలు. చూస్తే హాయిగా ఉంటుంది. కాని 1945 ఆగస్టు 6 ఉదయం దాకా అది పార్కు కాదు, నకజిమా అనే పేట. దుకాణాలు, డాక్టర్లు, గుళ్లు, సినిమా హాలు, ఇరుకు సందుల్లో ఇళ్లు. మన ఖమ్మం కమాన్‌బజారును తలచుకోండి. 8 గంటల 15 నిమిషాలకు అమెరికా విమానం వదిలిన బాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. పేట పోయింది. మిగిలిన బూడిద మీద మట్టి పోసి పార్కు వేశారు. 2022లో ఆ మట్టి కింద తవ్వి, కాలిన ఇంటి నేలను అలాగే చూపే చిన్న ప్రదర్శనశాల కట్టారు. అది చూసి బయటికి వచ్చాక పచ్చిక మీద కాలు వేయడానికి మా ఆవిడ జంకింది. కాలిబాట మీదనే నడిచింది.

నది ఆవలి ఒడ్డున ఇనుప చట్రం మిగిలిన గుమ్మటం భవనం ఉంది. ఫోటోల్లో మీరందరూ చూసిందే. 1915లో ఒక చెక్ దేశపు వాస్తుశిల్పి కట్టిన వాణిజ్య ప్రదర్శనశాల అది. 1996లో ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఫోటోలో కంటే ఎదురుగా చిన్నదిగా అనిపించింది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

నాకు నచ్చింది ఆ ఊరి ట్రాము. బాంబు పడిన మూడో రోజుకు, ఆగస్టు 9 నాటికి, ఒక ముక్క దారి మీద ట్రాము నడిపించారు. మగవాళ్లంతా సైన్యానికి పోవడంతో ఆ రోజుల్లో బడి వయసు ఆడపిల్లలు కూడా ట్రాములు నడిపేవారట. షట్‌డౌన్ తరువాత ప్లాంటును మళ్లీ లేపడం ఎంత కష్టమో తెలిసిన మనకు ఆ మూడు రోజుల విలువ తెలుస్తుంది. అప్పటి బళ్లు ఒకటి రెండు ఈనాటికీ పట్టాల మీద ఉన్నాయి.

మ్యూజియం టిక్కెట్టు 200 యెన్లు. 65 దాటినవారికి 100 మాత్రమే. పాసుపోర్టు చూపించాం, సగం తగ్గించారు. మన రైళ్లలో వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో పోయిన సంగతి గుర్తొచ్చి, నవ్వుకుంటూనే లోపలికి పోయాం. ఆ నవ్వు లోపల ఎంతోసేపు నిలవలేదు.

లోపల పెద్ద పెద్ద యంత్రాలేమీ లేవు. మనుషుల వస్తువులు. మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తున్న పిల్లవాడు తొక్కుతుండగా కాలిన మూడు చక్రాల బండి. తండ్రి దాన్ని పిల్లవాడితో పాటే పెరట్లో పాతిపెట్టాడు, తరువాత ఎన్నో ఏళ్లకు తీసి మ్యూజియానికి ఇచ్చాడు. ఒక బ్యాంకు ముందరి రాతి మెట్లు ఉన్నాయి. బ్యాంకు తెరుస్తారని ఎవరో కూర్చొని ఉన్నారు. వేడికి చుట్టూ ఉన్న రాయి తెల్లబడింది, మనిషి కూర్చున్న మేర నల్లగా మిగిలింది. పింఛను రోజున బ్యాంకు మెట్ల మీద మనం కూర్చుంటాం చూడండి, అలాంటి మెట్లే.

మా ఆవిడ ఒక్క అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయింది. 13 ఏళ్ల బడిపిల్లవాడి అన్నం డబ్బా అది. ఆ రోజుల్లో విమానదాడుల మంటలు పాకకుండా ఇళ్లు కూలగొట్టి ఖాళీ జాగాలు చేసే పనికి బడిపిల్లలను పంపేవారు. అలా ఆ ఉదయం ఊరి నడుమ పనిలో ఉన్న పిల్లల్లో 6 వేలకు పైగా పోయారు. ఆ పిల్లవాడి తల్లి వెతుక్కుంటూ వచ్చి, పొట్ట కింద ఉన్న డబ్బాను బట్టి కొడుకును గుర్తుపట్టింది. లోపలి అన్నం బొగ్గయింది. మా ఆవిడ చాలాసేపు చూసి, "మూత కూడా తియ్యలేదు పాపం" అంది. పొద్దున 8:15కు ఎవరు మూత తీస్తారు! ఆ మాట నేను అనలేదు. మనం కూడా ఫస్టు షిఫ్టుకు పోయేముందు డబ్బాలు కట్టించుకున్నవాళ్లమే.

పార్కులోనే మూడంతస్తుల పాత భవనం ఒకటుంది, ఇప్పుడు యాత్రికుల విశ్రాంతి గృహం. యుద్ధకాలంలో అది ఇంధనం రేషనింగ్ సంఘం ఆఫీసు. ఆ ఉదయం నోమురా ఎయిజో అనే 47 ఏళ్ల ఉద్యోగి ఏవో కాగితాల కోసం నేలమాళిగలోకి దిగాడు. ఆయన దిగి ఉండగా పైన ఊరు పోయింది. పేలుడు కింది నుంచి కొలిస్తే 200 మీటర్లు కూడా లేని ఆ చోటు నుంచి బతికి బయటపడి, 1982 దాకా జీవించాడు. ఫైలు కోసం రికార్డు గదికి దిగమంటే విసుక్కొనే రోజులు మన సర్వీసులో అందరికీ ఉన్నాయి. ఆ నేలమాళిగ ఇప్పటికీ చూడనిస్తారు, తలకు హెల్మెట్ పెట్టుకొని దిగాలి. హెల్మెట్ పెట్టుకోవడం మనకు కొత్తా!

పార్కు నడిమధ్య స్మారక సమాధి. కెంజో టాంగే అనే వాస్తుశిల్పి వేసిన నమూనా, 1952లో ఆవిష్కరించారు. వంపు తిరిగిన కప్పు కింద రాతి పెట్టె. అందులో చనిపోయినవారి పేర్ల పుస్తకాలు. గడచిన ఏడాదిలో ఏ కారణంతోనైనా మరణించిన బాధితుల పేర్లను ప్రతి ఆగస్టు 6న కలుపుతారు. మొత్తం పేర్లు 3 లక్షల 40 వేలు దాటాయి. పేరు తెలియని వాళ్ల కోసమని విడిగా ఒక పుస్తకం పెట్టారు. దానిలో పేర్లుండవు, కాని అది ఉంటుంది.

ఆ రాతి మీద చెక్కిన వాక్యం గురించి కొంచెం చెప్పనివ్వండి. ప్రశాంతంగా నిద్రపోండి, ఆ తప్పు మళ్లీ జరగదు అని స్థూలంగా అర్థం. కాని జపాను భాషలో ఆ వాక్యానికి కర్త లేడట. ఎవరి తప్పు? ఎవరు మళ్లీ చేయరు? 1952 నవంబరులో మన దేశస్థుడు, టోక్యో యుద్ధ నేరాల న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన రాధావినోద్ పాల్ అక్కడికి వచ్చి, బాంబు వేసింది జపానువాళ్లు కాదు కదా, తప్పు మాది అన్నట్టు రాసుకున్నారేమిటని నిలదీశారు. అది రాసిన ప్రొఫెసరుగారు, ఇది మానవులందరి తరఫున మాట అని సమాధానం చెప్పారు. వాదం ఆగక పోవడంతో 1983లో పక్కన వివరణ పలక పెట్టారు.

నేను భాషా పండితుణ్ని కాను గాని, అక్కడ నిలబడి ఆ వాక్యాన్ని మన తెలుగులో కట్టి చూశాను. "మళ్లీ చేయం" అంటే చాలు, 'మేము' అని వేరే చెప్పక్కరలేదు, క్రియలోనే ఉంది. జపాను భాషకు ఆ సౌకర్యం లేదు. కాని మనకు ఇంకో చిక్కుంది. ఆ "చేయం"కు కర్త 'మేమా', 'మనమా'? మేము అంటే జపానువాళ్ల మాట. మనం అంటే బాంబు వేసినవాడు, పడినవాడు, చూడవచ్చిన నేను, అందరం. కర్త చెప్పకుండా వదిలేస్తే తెలుగులోనూ తగువు తెగదు. పాల్‌గారి కోపంలో న్యాయముంది. అయినా నాకు ఆ వాక్యం అలాగే ఉండటం మేలనిపించింది. చదివినవాడల్లా ఇందులో నేనున్నానా అని ఒక్క క్షణం తడుముకుంటాడు.

కొంచెం ఆవల గడ్డి మొలిచిన మట్టి దిబ్బ. గుర్తుపట్టేవారు లేనివారి, తీసుకుపోయేవారు మిగలనివారి అస్థికలు, దాదాపు 70 వేల మందివి, దాని కింద ఉన్నాయి. ఇంటిల్లిపాదీ పోతే కుండ తీసుకుపోయేదెవరు? పుష్కరాల్లో మనం గోదావరి ఒడ్డున కూర్చొని, మన పెద్దలతో పాటు పేరు తెలియని వాళ్లకు, దిక్కులేని వాళ్లకు కూడా నువ్వులూ నీళ్లూ వదులుతాం. అదే వరస. ఆ దిబ్బ దగ్గర ఒక ముసలాయన ఒక్కడే ఊడుస్తున్నాడు. మున్సిపాలిటీ మనిషో, స్వచ్ఛందంగా వచ్చాడో అడిగే భాష నాకు లేదు. నమస్కారం పెట్టాను, ఆయనా వంగాడు.

కొరియావాళ్ల స్మారకం 1970లో కట్టినప్పుడు పార్కు బయట నది అవతల ఉండేది. 1999లో లోపలికి తెచ్చారు. పనికి పట్టి తెచ్చిన కొరియావాళ్లు వేలల్లో ఆ బాంబుకు పోయారు. చచ్చిన తరువాత కూడా ఏరు దాటడానికి వాళ్లకు 29 ఏళ్లు పట్టింది.

మిత్రులారా, ఇప్పుడు చెప్పేది మన సంఘం పనికి దగ్గరి విషయం, కాస్త శ్రద్ధగా వినండి. బాంబు దెబ్బ తిని బతికినవారిని హిబాకుషా అంటారు. వాళ్లకు 1957 చట్టంతో వైద్యం కోసం ఒక ఆరోగ్య పుస్తకం ఇచ్చారు, తరువాత నెలవారీ భత్యాలు వచ్చాయి. అంటే మొదటి పన్నెండేళ్లు ఏమీ లేదు. ఆ పుస్తకం రావాలంటే రుజువు కావాలి. ఆ రోజు ఊరిలో ఉన్నావా? లేక రెండు వారాల్లోగా పేలుడు చోటుకు రెండు కిలోమీటర్ల లోపలికి వచ్చావా? కాగితం ఉందా? లేకపోతే ఇద్దరు సాక్షులను తీసుకురా. ఇల్లూ వాకిలీ, ఇరుగూ పొరుగూ అంతా పోయినవాడు సాక్షిని ఎక్కడి నుంచి తెస్తాడు? బతికే ఉన్నానని ప్రతి నవంబరులో వేలిముద్ర వేసే మనకు ఆ మెలిక అర్థమవుతుంది.

అంతటితో అయిపోలేదు. 1974లో ఒక ఉత్తర్వు వచ్చింది. జపాను విడిచి వెళ్లినవారికి భత్యం ఆగుతుందని. కొరియాకు, బ్రెజిల్‌కు, అమెరికాకు పోయినవాళ్లు ఓడ ఎక్కగానే హిబాకుషా కాకుండా పోయారన్న మాట. కోర్టులకెక్కారు, గెలిచారు, 2003లో ఆ ఉత్తర్వు రద్దయింది. 29 ఏళ్లు! బాంబు తరువాత కురిసిన నల్లటి వానలో తడిసి, గీసిన గీతకు బయట ఉన్నారని తోసిపుచ్చబడిన 84 మందికి 2021 జూలైలో హైకోర్టు న్యాయం చేసింది. 76 ఏళ్ల తరువాత. ఆ 84 మందిలో అప్పటికే కన్నుమూసినవారు ఉన్నారు. మన బకాయిల కేసు పదేళ్లు పట్టిందని నేనూ ఈ వేదిక మీద చాలాసార్లు అరిచాను. అరుస్తూనే ఉంటాను కూడా.

వాళ్లు 1956లో దేశవ్యాప్తంగా ఒక సంఘం పెట్టుకున్నారు, నిహోన్ హిడాంక్యో అని. మేము తిరిగి వచ్చిన మూడు నెలలకు, 2024 అక్టోబరులో, ఆ సంఘానికి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. టీవీలో చూసి కొలువు వచ్చినంత సంతోషపడ్డాను. ముసలివాళ్ల సంఘానికి నోబెల్ రావడం చిన్న విషయమా! అప్పటికే వాళ్ల సగటు వయసు 85 దాటింది. 2025 మార్చి నాటికి బతికున్నవాళ్లు మొదటిసారి లక్షకు దిగువకు వచ్చారు.

ఇక ఆ చిన్నపిల్ల సంగతి. పార్కులో పిల్లల స్మారకం ఉంది. సడాకో ససాకి అనే అమ్మాయి బాంబు పడినప్పుడు రెండేళ్ల పసిది. పైకి దెబ్బ లేదు. పన్నెండేళ్ల వయసులో రక్త క్యాన్సరు బయటపడి, అదే ఏడు, 1955 అక్టోబరు 25న పోయింది. ఆసుపత్రి మంచం మీద మందు పొట్లాల కాగితాలతో కొంగలు మడిచేది. వెయ్యి మడిస్తే కోరిక తీరుతుందని వాళ్ల నమ్మకం. ఆమె తోటి పిల్లలు చందాలు పోగుచేయగా 1958లో స్మారకం వచ్చింది. ఇప్పుడు లోకంలోని బడులన్నింటి నుంచీ కాగితం కొంగలు దండలుగా అక్కడికి చేరతాయి. మా మనవరాలు కూడా తను మడిచినవి తెచ్చింది. తగిలించి వచ్చి, నా పక్కన కూర్చొని ఉన్నట్టుండి అడిగింది.

"తాతయ్యా, మీ ఫ్యాక్టరీ కూడా అణు ఫ్యాక్టరీయేనని అమ్మ చెప్పింది. మీరూ ఇదే చేశారా?"

నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది. మీరైనా ఇదే చెబుతారు. కుటుంబ సభ్యుల కోసం మళ్లీ చెబుతాను. మామూలు నీళ్లలో ఏడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున బరువైన హైడ్రోజన్ ఉంటుంది. గోదావరి నీళ్లలోంచి దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ సాయంతో ఏరి, పోగుచేసి, భారజలం చేసి పంపాం. కుళ్లిన కోడిగుడ్ల వాసన అంటే గౌతమీనగర్ పిల్లలకు కూడా తెలుసు. 1991 నుంచి ఆ పని నడుస్తోంది. ఆ నీళ్లు కరెంటు తీసే రియాక్టర్లకు పోతాయి. హిరోషిమా బాంబు శుద్ధి చేసిన యురేనియంది, నాగసాకి బాంబు ప్లుటోనియంది, దాన్ని గ్రాఫైటు రియాక్టర్లలో తీశారు. ఆ రెండింటిలోనూ భారజలం చుక్క కూడా లేదు. ఇంత వివరంగా పదేళ్ల పిల్లకు చెప్పాను. నార్వేలో వెమోర్క్ భారజల కర్మాగారం జర్మన్లకు ఉపయోగపడకుండా 1943 ఫిబ్రవరిలో ఆ దేశస్థులే పేల్చారని, మరుసటి ఏడు మిగిలిన డ్రమ్ములతో పోతున్న పడవను ముంచారని, అందులో ఏ పాపం ఎరగని ప్రయాణికులు కూడా పోయారని చెప్పాను. కథ బాగుందంది.

తరువాత, "మీ నీళ్లు చివరికి ఎటు పోయాయో మీరు వెళ్లి చూశారా?" అంది.

చూడలేదు. మనలో ఎవరమూ చూడలేదు. డ్రమ్ముకు సీలు వేసి, తూకం రాసి, లారీ ఎక్కించడం దాకే మన పని. కాగితం మీద రాసింది నమ్మాం, నమ్మదగినదే అనుకున్నాం, ఇప్పటికీ అనుకుంటున్నాను. చేసిన ఉద్యోగం గురించి నాకు సిగ్గు లేదు. మన ఇళ్లలో దీపాలు వెలిగాయి, మన పిల్లలు చదువుకున్నారు. అయితే 1974లో పోఖ్రాన్‌లో పేల్చిన దానికి ప్లుటోనియం వచ్చింది భారజలం వాడే రియాక్టరు నుంచే అన్న సంగతి కూడా నాకు తెలుసు. అప్పటికి మన ప్లాంటు లేదు. "లేదు" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల అడిగింది తేదీ కాదని అర్థమై ఊరుకున్నాను. "చూడలేదమ్మా" అన్నాను. సరేనని నీళ్ల సీసా తీసుకొని లేచిపోయింది.

1964 నుంచి అక్కడ ఒక జ్వాల వెలుగుతోంది. లోకంలో చివరి అణ్వస్త్రం పోయేదాకా ఆర్పరట. మన దేశం దగ్గరా ఆ అస్త్రం ఉంది, ముందుగా ప్రయోగించం అన్న మాటా ఉంది. 1957 అక్టోబరులో నెహ్రూగారు హిరోషిమాకు వచ్చినప్పుడు జనం పోటెత్తారు. నది ఒడ్డున, గుమ్మటానికి దగ్గరలో, మన దేశం బహూకరించిన గాంధీగారి విగ్రహం ఉంది, 2023 మే 20న ఆవిష్కరించారు. మా ఆవిడ అక్కడ చెప్పులు విడిచింది. జపాను పిల్లలు వింతగా చూశారు.

ఆ నది పొడవునా, ఊరంతటా గన్నేరు పూలే. ఇక డెబ్భై ఏళ్లు ఇక్కడ ఏమీ మొలవదని అప్పట్లో అనుకున్నారట. కాలిన నేలలో ముందు పూసినవాటిలో గన్నేరు ఒకటి, అందుకని 1973లో దాన్ని ఊరి పువ్వుగా పెట్టుకున్నారు. మన క్వార్టర్ల కంచె పక్కన పశువులు తినవని నాటిన గన్నేరే.

తిరుగు రైల్లో నాకు మన అడవి అంచు ఊళ్లు గుర్తుకొచ్చాయి. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం దారుల్లో ఎర్ర స్తూపాలు చూశాం. పోలీసు స్టేషన్లలో అమరవీరుల రాళ్లు చూశాం, ప్రతి అక్టోబరు 21న దండలు వేస్తారు. ఎవరి మనుషులకు వారు కట్టుకున్నారు, తప్పు లేదు. ఈ రెంటికీ చెందకుండా, రాత్రి వీళ్లకు అన్నం పెట్టినందుకు వాళ్ల చేత, పగలు వాళ్లకు దారి చూపినందుకు వీళ్ల చేత పోయిన కోయ పల్లెల వాళ్లకు రాయి ఎక్కడుంది? 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి పిల్లలను చంకనేసుకొని సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు మన చుట్టూ మిరప చేలల్లో కూలికి పోతున్నాయి. వాళ్లు వెనక వదిలి వచ్చిన చావుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? హిరోషిమావాళ్లు పేరు తెలియనివాళ్ల కోసం కూడా ఒక పుస్తకం పెట్టారు. మనం తెలిసినవాళ్లవీ రాయలేదు. మనలో రాయడం వచ్చినవాళ్లు, ఆ భాష తెలిసినవాళ్లు, ఆ పల్లెల్లో బళ్లకు, ఆసుపత్రులకు తిరిగినవాళ్లు ఉన్నారు. ఖాళీ సమయం మనకంటే ఎక్కువ ఎవరికుంది? కార్యవర్గం ఈ సంగతి ఆలోచించాలని నా మనవి.

ఆగస్టు 6 సాయంత్రం ఆ నదిలో కాగితం దీపాలు వదులుతారు. మేము ఉండి చూడలేకపోయాం. ఆ ఏడు కార్తీక పౌర్ణమికి భద్రాచలం స్నానఘట్టంలో మా ఆవిడ అరటి దొప్పల్లో దీపాలు వదిలింది. ఎప్పుడూ వదిలే లెక్కకు ఒకటి ఎక్కువ కనపడి, ఎవరికని అడిగాను. "ఆ అన్నం డబ్బా పిల్లవాడికి" అంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఫోటోలు ఆఫీసు బల్ల మీద పెట్టాను, చూసి అక్కడే ఉంచండి. వెళ్లదలచినవారు ఎవరైనా ఉంటే జూలైలో వద్దు, మన మే నెల ఎండ ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో పొండి. మోకాళ్ల నొప్పులున్నవారు మ్యూజియంలో బెంచీ కనపడగానే కూర్చోండి, ముందు గదుల్లో కూర్చోవాలనిపించదు.